పేలిన మందు మట్టిలో ఏం మిగులుస్తుంది?

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, మెళియాపుట్టి, నందిగాం వైపు కొండ పక్క ఊళ్ల వాళ్లను క్వారీ గురించి అడిగితే గోడలు బీటలిచ్చాయంటారు, జీడిపూత మీద దుమ్ము పేరుకుంటోందంటారు, రాళ్లు ఎగిరి ఇళ్ల మీద పడతాయేమోనని భయమంటారు. విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి చుట్టూ మాంగనీసు తవ్వకం 1890ల నుంచీ సాగుతోంది. అక్కడా ఇలాంటి మాటలే వినబడతాయి. చప్పుడు చెవికి తెలుస్తుంది, దుమ్ము కంటికి ఆనుతుంది. మందులో పేలకుండా మిగిలిన కాస్తా మట్టిలోకి దిగితే మాత్రం పట్టించుకునేవాళ్లు తక్కువ.

పట్టించుకున్నవాళ్లలోనూ రెండు రకాల తొందర చూస్తాం. పేలుడు మందు పడిన నేలంతా క్యాన్సర్ నేలేనని కొందరంటారు. పేలిపోయాక ఇంకేం మిగులుతుంది, అంతా పొగే కదా అని మరికొందరంటారు. రెండూ తప్పే. ఎందుకు తప్పో అర్థం కావాలంటే మందు పేరు, మట్టి స్వభావం, డీఎన్‌ఏకు జరిగే హాని, ఈ మూడింటినీ కలిపి చూడాలి.

ముందుగా జన్యు విషం సంగతి. మామూలు విషం కణాన్ని చంపుతుంది, లేదా దాని పని ఆపుతుంది. ఎంత మోతాదుకు ఎంత హానో కొన్ని రోజుల్లోనే తెలిసిపోతుంది. జన్యు విషం కణాన్ని బతకనిస్తూనే అందులోని డీఎన్‌ఏను చెడగొడుతుంది. డీఎన్‌ఏలో ఒక అక్షరం బదులు మరొకటి చేరవచ్చు. ఒకటో రెండో అక్షరాలు ఎగిరిపోవచ్చు, లేదా కొత్తగా దూరవచ్చు. కణం ఈ రాతను మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది కాబట్టి, మధ్యలో ఒక్కటి జారితే ఆ తర్వాతిదంతా తప్పుగా చదువుకుంటుంది. లేదంటే ఏకంగా క్రోమోజోమే విరగవచ్చు. కణంలో మరమ్మతు యంత్రాంగం ఉంది, చాలావరకు సరిచేసుకుంటుంది. సరికానిది శరీర కణాల్లో మిగిలితే ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. అండంలోనో వీర్యకణంలోనో మిగిలితే బిడ్డకు సంక్రమించవచ్చు. ఈ ఆలస్యం వల్లే కారణాన్నీ ఫలితాన్నీ ముడిపెట్టడం ఇంత కష్టం.

టీఎన్‌టీ: అసలు కంటే మారు రూపమే ప్రమాదం

ఈ విషయంలో ఎక్కువ పరిశోధన జరిగింది బాంబుల్లో నింపే టీఎన్‌టీ అనే పేలుడు మందు మీదే. 1863లో జర్మన్ రసాయనవేత్త జూలియస్ విల్‌బ్రాండ్ దీన్ని తయారుచేసినప్పుడు పసుపు రంగుగా వాడుకుందామనుకున్నారు. అది పేలుతుందన్న గుర్తింపు తర్వాత ఎప్పటికో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బాంబుల ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్ల చర్మం, జుట్టు పసుపు రంగుకు తిరిగాయి. కొందరికి కామెర్లు వచ్చాయి, కొందరికి ఎముక మజ్జ దెబ్బతిని రక్తం తయారవడమే ఆగిపోయింది. అదంతా మామూలు విషత్వం. జన్యు విషత్వం సంగతి తెలియడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది, అదీ ఒక బ్యాక్టీరియా సాయంతో.

1970లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఏమ్స్ రూపొందించిన పరీక్ష చాలా చవకైనది, చాలా తెలివైనది. సాల్మొనెల్లా బ్యాక్టీరియాలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోలేని రకాలను ఎంచుకుంటారు. హిస్టిడిన్ దాదాపు లేని పళ్లెంలో వేస్తే అవి పెరగలేవు. పరీక్షించాల్సిన పదార్థం డీఎన్‌ఏను మార్చేదైతే, ఆ మార్పుల్లో కొన్ని పాత లోపాన్ని సరిచేస్తాయి. అప్పుడా బ్యాక్టీరియా పెరిగి చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. రెండు రోజులాగి చుక్కలు లెక్కపెట్టుకోవడమే. టీఏ98 అనే రకం అక్షరాలు జారిపోయే మార్పుల్ని పట్టుకుంటుంది, టీఏ100 ఒక అక్షరం బదులు మరొకటి చేరే మార్పుల్ని పట్టుకుంటుంది. టీఎన్‌టీ వేస్తే రెండింటిలోనూ చుక్కలు పెరిగాయి.

ఇక్కడే అసలు మలుపు. బ్యాక్టీరియాలో నైట్రోరిడక్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది లేని సాల్మొనెల్లా రకం మీద అదే టీఎన్‌టీ వేస్తే చుక్కలు బాగా తగ్గిపోయాయి. అంటే టీఎన్‌టీ నేరుగా డీఎన్‌ఏను పెద్దగా ముట్టుకోవడం లేదు. ఎంజైమ్ దాని నైట్రో సమూహాన్ని (ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్ పరమాణువులున్న ముక్కను) మార్చినప్పుడు మధ్యలో పుట్టే రూపమే హాని చేస్తోంది. నైట్రో మెట్టుమెట్టుగా దిగుతుంది: ముందు నైట్రోసో, తర్వాత హైడ్రాక్సిలమైన్, చివరికి అమైన్. మధ్య మెట్టయిన హైడ్రాక్సిలమైన్ కుదురుగా ఉండదు. కొన్ని కణాల్లో దానికి అసిటైల్ సమూహం తోడైతే మరింత చురుకై డీఎన్‌ఏకు అతుక్కుంటుంది.

ఈ రసాయనం మనకు కొత్తదేమీ కాదు. నీళ్ల విరేచనాలకు, అమీబియాసిస్‌కు మందుల షాపులో ఇచ్చే మెట్రోనిడజోల్ బిళ్ల పనిచేసేది సరిగ్గా ఈ దారిలోనే. అందులోనూ నైట్రో సమూహం ఉంది. ప్రాణవాయువు లేని చోట బతికే క్రిములు దాన్ని మార్చుకుంటాయి, మధ్యలో పుట్టిన చురుకైన రూపం వాటి డీఎన్‌ఏనే తెగ్గొడుతుంది. మన కణాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఆ మార్పు మొదటి మెట్టు దగ్గరే వెనక్కి తిరుగుతుంది. అందుకే బిళ్ల క్రిమిని చంపి మనల్ని వదిలేస్తుంది. ఏమ్స్ పరీక్షలో మెట్రోనిడజోల్ కూడా చుక్కలు పుట్టిస్తుంది. అలాగని డాక్టరు రాసిన కోర్సు మధ్యలో ఆపేయకండి. బ్యాక్టీరియాలో కనబడిన హానిని ఉన్నదున్నట్టుగా మనిషికి అంటగట్టకూడదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు, అంతే.

కానీ మన పేగుల్లోనూ కోట్లాది బ్యాక్టీరియా ఉంది, అక్కడ ఆక్సిజన్ తక్కువ. టీఎన్‌టీకి దగ్గరి చుట్టం డీఎన్‌టీ, అంటే డైనైట్రోటాలువీన్. ఇది టీఎన్‌టీ తయారీలో మధ్య దశలో వస్తుంది, తుపాకి మందులోనూ కలుస్తుంది. మామూలు ఎలుకలకు దీన్ని తినిపిస్తే కాలేయ కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతింది. పేగుల్లో ఏ బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకలకు తినిపిస్తే ఆ దెబ్బ కనబడలేదు. విషాన్ని వండింది పేగు, అనుభవించింది కాలేయం. క్యాన్సర్ పరిశోధనకు సంబంధించిన అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ డీఎన్‌టీలో రెండు రకాలను మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న 2బీ వర్గంలో పెట్టింది. టీఎన్‌టీని మాత్రం ఆధారాలు చాలక 3వ వర్గంలో ఉంచింది.

టీఎన్‌టీ విషయంలో ఆ సందిగ్ధం ఊరికే రాలేదు. బ్యాక్టీరియాలో పాజిటివ్. టీఎన్‌టీ పనివాళ్ల మూత్రాన్ని సాల్మొనెల్లా మీద వేసినా చుక్కలు పెరిగాయి. కానీ బతికున్న ఎలుకల ఎముక మజ్జలో క్రోమోజోములు విరిగాయా అని చూస్తే విరిగినట్టు కనబడలేదు. రెండేళ్లు తినిపించిన ఆడ ఎలుకల్లో మూత్రాశయ కణితులు వచ్చాయి. దాని మీద ఆధారపడే అమెరికా పర్యావరణ సంస్థ టీఎన్‌టీని క్యాన్సర్ కారకం కావచ్చు అన్న వర్గంలో చేర్చింది. తాగునీటిలో జీవితకాల ఆరోగ్య సూచనగా లీటరుకు 2 మైక్రోగ్రాములు అని పెట్టింది. ఆర్‌డీఎక్స్ అనే మరో సైనిక పేలుడు మందుకూ అదే అంకె.

మట్టి ఏం చేస్తుంది

టీఎన్‌టీ నీటిలో అంతగా కరగదు, లీటరుకు 100 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. కరిగిన కొద్దిపాటిదీ బంకమట్టికి, సేంద్రియ పదార్థానికి అతుక్కుంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులకు నైట్రోరిడక్టేజ్ కొదవలేదు. అవి టీఎన్‌టీని అమైనో రూపాలకు మారుస్తాయి. ప్రయోగశాలకు మట్టి పంపి టీఎన్‌టీ ఎంత ఉందని మాత్రమే అడిగితే, కొన్నాళ్లకు బాగా తగ్గిందని జవాబొస్తుంది. అది అబద్ధం కాదు. అడిగిన ప్రశ్నే అరకొర. టీఎన్‌టీ తగ్గిన మేరకు ఏం పుట్టింది, పుట్టినది నీళ్లకు, వేళ్లకు, వానపాముకు అందుతోందా లేక మట్టిలో బిగుసుకుపోయిందా అన్నది ఆ రిపోర్టులో ఉండదు. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు యుమటిల్లా ఆయుధ డిపోలో బాంబులు కడిగిన నీళ్లు గుంటల్లోకి వదిలారు. ఆ మట్టిని 1990లలో పేడ, రంపపు పొట్టు, బంగాళాదుంప వ్యర్థాలతో కలిపి కంపోస్టు చేశారు. టీఎన్‌టీ దాదాపుగా పోయింది. ఆ రకం కంపోస్టుల సారాన్ని సాల్మొనెల్లా మీద వేసి చూసినప్పుడు జన్యు విషత్వమూ బాగా తగ్గింది, కానీ సున్నా కాలేదు. మిగిలింది హ్యూమస్‌లో, అంటే మట్టిలో కుళ్లి నల్లబడిన సేంద్రియ పదార్థంలో, గట్టిగా అతుక్కుంది కాబట్టి సాధారణంగా బయటికి రాదని ఇంజినీర్ల వాదన. వందేళ్ల తర్వాత ఆ హ్యూమస్ కరిగితే సంగతేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. నాకైతే ఇంజినీర్ల వాదనలో బలం ఎక్కువ కనిపిస్తుంది. కారణం అమైన్ల స్వభావమే. ఆక్సిజన్ బొత్తిగా లేని చోట టీఎన్‌టీలోని మూడు నైట్రోలూ అమైన్లయిపోతే, ఆ రూపం మట్టిలోని సేంద్రియ పదార్థంతో రసాయన బంధమే వేసుకుంటుంది. ఇక విడదీయడం బహు కష్టం. ముందు ఆక్సిజన్ లేకుండా, తర్వాత ఆక్సిజన్ ఇచ్చి, రెండు దశల్లో శుద్ధి చేయడం వెనకున్న లెక్క అదే. సగంలో ఆగిన మార్పే అన్నిటికంటే చెడ్డది.

మన నేలల్ని ఈ లెక్కతో చూస్తే ఆసక్తిగా ఉంటుంది. మెట్ట మీది ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, అంటే బిగించి పట్టుకునే శక్తి తక్కువ. పల్లంలో వంశధార, నాగావళి కాలువల కింద నీళ్లు నిలిచిన వరిమడి అడుగున ఆక్సిజన్ ఉండదు, ఇనుము కరిగే రూపంలోకి వస్తుంది. నైట్రో సమూహాన్ని చివరిదాకా మార్చే పరిస్థితులు అక్కడే ఎక్కువ. గరివిడి వైపు మాంగనీసు నేలది మరో గుణం. మాంగనీసు ఆక్సైడ్ ఈ అమైన్లను ఒకదానికొకటి కలిపి పెద్ద అణువులుగా మారుస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. పెద్ద అణువులు కదలవు. అలాగని మాంగనీసు గని పక్కన ఏ మందైనా పారబోయవచ్చని కాదు, మాంగనీసు తాగునీటిలో పడితే దాని తిప్పలు దానికున్నాయి.

ఆర్‌డీఎక్స్ తీరు పూర్తిగా వేరు. మట్టికి సరిగా అతుక్కోదు, వాననీటితో పాటు కిందికి దిగి భూగర్భ జలంలో చేరుతుంది. అమెరికాలో కేప్ కాడ్ దగ్గరి సైనిక శిక్షణ మైదానం కింద తాగునీటి పొరలోకి ఇది చేరిందనే 1997లో అక్కడ పేలుడు శిక్షణ ఆపించారు. ఇది ప్రధానంగా నాడుల మీద దెబ్బ కొడుతుంది, ఎక్కువ మోతాదులో మూర్ఛలు తెప్పిస్తుంది. ఏమ్స్ పరీక్షలో మాత్రం చాలాసార్లు నెగెటివ్‌గానే వచ్చింది. జన్యు విషం తక్కువని నీళ్లలో ఉన్నా పర్లేదనుకోవడం, ఒక పరీక్ష పాసైనవాణ్ని అన్నిటా పాసయ్యాడనడం లాంటిది.

మరి మన క్వారీల సంగతి

ఇంతవరకు చెప్పింది సైనిక మైదానాలు, ఆయుధ ఫ్యాక్టరీల కథ. మన కంకర క్వారీలో పేలేది ఎక్కువగా అమ్మోనియం నైట్రేట్ మీద ఆధారపడిన మందు. నైట్రోగ్లిజరిన్ ఉన్న పేలుడు పదార్థాలను భారత ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుంచి నిషేధించింది. ఇప్పటికీ జిలెటిన్ స్టిక్స్ అని పిలుస్తున్నవి చాలావరకు ఎమల్షన్ తూటాలే: అమ్మోనియం నైట్రేట్, నీళ్లు, నూనె, మరికొన్ని. టెక్కలి నీలి గ్రానైట్ లాంటి ఎగుమతి రాయిని బ్లాకులుగా తీసేటప్పుడు రాయి పగలకూడదు కనుక వైర్ సా (తీగ రంపం) కోత, తేలికపాటి మందే వాడతారు. కంకర రాయికి అంత సుకుమారం అక్కర్లేదు.

టీఎన్‌టీ కుటుంబం క్వారీలో అసలే ఉండదని కాదు. పెద్ద రంధ్రాల్లో మందును అంటించే బూస్టర్లలో టీఎన్‌టీ, పీఈటీఎన్ అనే మరో పేలుడు మందు కలిసి ఉంటాయి. డిటొనేటింగ్ ఫ్యూజు లోపల ఉండేది పీఈటీఎన్. డిటొనేటర్‌లో కాస్త సీసపు అజైడ్ ఉంటుంది. ఇవి కొద్దిపాటి మోతాదులు, అదీ సరిగా పేలితే మిగిలేది మరీ స్వల్పం. సైనిక మైదానాల్లో మంచు మీద పేల్చి, రాలిన మసిని పోగుచేసి కొలిస్తే, సరిగా పేలిన గుండు తన మందులో 99.99 శాతానికి పైగా కాల్చేసుకుంటుందని తేలింది. సగం పేలినదీ, అసలు పేలనిదీ మాత్రం వేల రెట్లు ఎక్కువ మిగులుస్తాయి. కాబట్టి క్వారీలో అడగాల్సింది ఎన్ని పేల్చారని కాదు, ఎన్ని పేలకుండా మిగిలాయి, వాటినేం చేశారు, పాడైన తూటాలు ఎక్కడ తగలబెట్టారు అని. పేలని రంధ్రానికి నిబంధనల ప్రకారం లెక్క రాయాలి, అర్హత ఉన్న బ్లాస్టరే దాన్ని చూడాలి. మట్టి నమూనా తీయాలంటే ముందు వెతకాల్సినవి ఆ చోట్లే. ఇంకోమాట, పేలని తూటా కనబడితే నమూనా కోసం కూడా ముట్టుకోకూడదు.

క్వారీ మందు నుంచి నీళ్లలోకి ఎక్కువగా చేరేది నైట్రేట్. అమ్మోనియం నైట్రేట్ నీళ్లు తగిలితే చక్కెరలా కరిగిపోతుంది. చిందినది, తడిసిన రంధ్రంలో పేలకుండా కరిగినది, వానకు కొట్టుకుపోయి పాత క్వారీ గోతిలో చేరుతుంది. వేసవిలో ఆ గోతిలో గేదెలు దిగుతాయి, బట్టలుతుకుతారు, అక్కడక్కడ మోటారు పెట్టి తోడుతారు. నైట్రేట్ ఏమ్స్ పరీక్షలో చుక్కలు పుట్టించదు. దాని దారి వంకర. నోట్లో, కడుపులో నైట్రైట్‌గా మారి, ఆహారంలోని అమైన్లతో కలిసి ఎన్-నైట్రోసో పదార్థాలవుతుంది. వాటిలో కొన్ని డీఎన్‌ఏలోని గ్వానిన్‌కు మిథైల్ సమూహాన్ని తగిలిస్తాయి. అలా మారిన గ్వానిన్, డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు సైటోసిన్‌ను వదిలి థైమిన్‌తో జత కడుతుంది. ఒక అక్షరం మారిపోయినట్టే. శరీరంలో ఇలా నైట్రోసో పదార్థాలు పుట్టే పరిస్థితుల్లో లోపలికి వెళ్లే నైట్రేట్‌ను ఐఏఆర్‌సీ బహుశా క్యాన్సర్ కారకమని 2ఏ వర్గంలో పెట్టింది. కూరగాయల్లోనూ నైట్రేట్ ఉంటుంది, కానీ వాటితోపాటు విటమిన్ సి వస్తుంది. అది ఈ మార్పును అడ్డుకుంటుంది. బావినీళ్లలో ఆ తోడు లేదు. మన తాగునీటి ప్రమాణంలో నైట్రేట్ హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అసలు ఆ హద్దు పెట్టింది పసిబిడ్డల రక్తం ఆక్సిజన్ మోయలేక నీలిబారే జబ్బును దృష్టిలో పెట్టుకుని. అయితే నైట్రేట్ ఎక్కువైందని క్వారీ మీదే నెట్టేయడం కుదరదు. యూరియా, పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంతలు కూడా అదే నైట్రేట్‌ను ఇస్తాయి.

శ్రీకాకుళం జిల్లాలో ఈ జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ అవసరం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపేసిందో చూసినవాళ్లకు నేల మీద, నీటి మీద అనుమానం రావడం సహజం. ఈ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో నీళ్లు, లోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, వంశపారంపర్యం, ఇలా ఎన్నో కోణాల్లో వెతికినా ఏ ఒక్క కారణమూ ఇదమిత్థంగా తేలలేదు. పక్క మండలంలో క్వారీ ఉంది కాబట్టి ఇదీ దాని పనే అనడం తేలిక. కిడ్నీ పాడవడానికీ డీఎన్‌ఏ దెబ్బతినడానికీ పరీక్షలే వేరు. ఒకదాని రుజువు రెండోదానికి చెల్లదు.

కాలేజీ ల్యాబులో ఏం చేయవచ్చు

సాల్మొనెల్లా పరీక్షకు ప్రత్యేక ల్యాబు కావాలి. ఉల్లిపాయకు అక్కర్లేదు. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్ 1938లోనే ఉల్లి వేళ్ల కణాల మీద రసాయనాల ప్రభావం చూశారు. మట్టిని నీళ్లలో కలిపి వడకట్టి, ఆ నీటిలో ఉల్లిగడ్డ అడుగు తగిలేలా పెట్టి, మొలిచిన వేరు కొసను రంగు వేసి సూక్ష్మదర్శిని కింద నలిపి చూస్తారు. విడిపోతున్న క్రోమోజోముల మధ్య వంతెనలు, తెగిన ముక్కలు, అసలు కేంద్రకం పక్కన చిన్న పిల్ల కేంద్రకాలు కనబడితే క్రోమోజోములు దెబ్బతిన్నట్టు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో డిగ్రీ వృక్షశాస్త్రం చదివేవాళ్లు కణవిభజన కోసం ఇదే వేరును ఏటా నలుపుతుంటారు. దీనికంటే సున్నితమైనది కామెట్ పరీక్ష. కణాన్ని జెల్‌లో బిగించి విద్యుత్తు పంపితే తెగిన డీఎన్‌ఏ తోకలా సాగుతుంది. కలుషిత మట్టిలో ఉంచిన వానపాము కణాల మీద దీన్ని చేస్తారు.

ఉల్లి వేరు చెప్పగలిగింది ఒక్కటే: ఈ నీటిలో క్రోమోజోముల్ని దెబ్బతీసేదేదో ఉంది. అది మందా, డీజిలా, సీసమా, క్రషర్ నూనెనా అన్నది చెప్పదు. దానికి రసాయన విశ్లేషణ తోడవ్వాలి, క్వారీకి ఎగువనున్న శుభ్రమైన మట్టినీ పక్కన పెట్టి పోల్చాలి. నమూనా తీయడమూ కీలకమే. పేలుడు మందు మట్టిలో సమంగా కలవదు, రవ్వలు రవ్వలుగా పడుతుంది. ఒక్క గుప్పెడు తీస్తే రవ్వ పడని చోట శూన్యం, పడిన చోట లక్షల రెట్లు వస్తుంది. అందుకే అనుభవజ్ఞులు ఒకే స్థలంలో ముప్ఫైకి తగ్గకుండా చోట్ల చిటికెడు చిటికెడు తీసి కలిపి ఒక నమూనా చేస్తారు. ఒక్క పిడికెడు మట్టితో తీసుకొచ్చిన రిపోర్టు, ఎవరి పక్షం మాట్లాడినా, పెద్దగా విలువ చేయదు.

క్వారీ పక్క ఊరి పంచాయతీ ఈ ఏడాదే చేయగల పని ఒకటుంది. అది జన్యు పరీక్ష కన్నా చాలా చిన్నది. గోతి నీళ్లు, దిగువ బావుల నీళ్లు వానలకు ముందొకసారి, మొదటి వానల తర్వాత ఒకసారి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపి, నైట్రేట్, అమ్మోనియా, సీసం చూపించమని రాతపూర్వకంగా అడగాలి. రెండోసారి నైట్రేట్, అమ్మోనియా రెండూ గోతిలో ఒక్కసారిగా ఎగబాకి, క్వారీకి ఎగువ బావిలో కదలకపోతే, అప్పుడు పేలని మందు లెక్కల పుస్తకం చూపించమని అడగడానికి, ఉల్లి వేరు పరీక్షకు కాలేజీని కదపడానికి చేతిలో ఆధారం ఉన్నట్టు.